ఇటలీ వెళ్ళే బిడ్డకు నాలుగు మాటలు

కుటుంబ వేదిక
చదువవలసిన వాక్యభాగములు: ఫిలేమోను 8–20, రోమా 16:1–2



ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చదివేటప్పుడు, పిల్లల చదువుల కొరకు ఒకప్పుడు గుంటూరు, హైదరాబాదు, మద్రాసు పేర్లు వినబడేవి. ఇప్పుడు వాటితోపాటు మిలాను, తూరిను, బొలోన్యా, పాదువా అనే పేర్లు కూడా వినబడుతున్నాయి. ఇవి ఇటలీ దేశపు పట్టణాలు. అక్కడి విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషులో బోధించే కోర్సులు ఉన్నాయి. కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గించే పద్ధతి, ఉపకార వేతనాలు కూడా ఉన్నాయి. అందుచేత పల్లెటూరి కుటుంబాల బిడ్డలు సైతం అక్కడికి వెళ్తున్నారు. తండ్రి పొలం కాగితాలు బ్యాంకులో పెడతాడు. తల్లి ఆవకాయ జాడీ, కారప్పొడి, ఉన్ని స్వెట్టరు, వాటి మధ్య తెలుగు బైబిలు సర్దుతుంది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి పంపుతారు.

ఇన్ని సర్దే మనం ఒక్కటి మాత్రం సర్దము. పరాయి దేశంలో, పరాయి భాషలో, ముక్కూ మొహం తెలియని మనిషిని సహాయం ఎలా అడగాలో బిడ్డకు నేర్పము. ఈ నెల ఈ శీర్షికలో ఆ సంగతే మాట్లాడుకుందాం.

మొహమాటం అనే బరువు

తరగతి ఇంగ్లీషులో జరుగుతుంది, నిజమే. కానీ బస్సు డ్రైవరు, మందుల షాపులో అమ్మాయి, పోస్టాఫీసు గుమాస్తా, మెట్ల మీద ఎదురయ్యే పొరుగింటి ముసలామె, వీరందరిదీ ఇటాలియను భాషే. వీరిలో ఎవరినో ఒకరిని అడగకుండా వారం గడవదు.

దిగిన వెంటనే అడగవలసిన పని ఒకటి ఉంది. మన దేశం నుండి చదువుల వీసా మీద వెళ్ళినవారు, దేశంలో అడుగుపెట్టిన 8 పనిదినాలలోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కాగితాన్ని అక్కడ పెర్మెస్సో ది సొజ్జోర్నో అంటారు. దరఖాస్తు కవరు పోస్టాఫీసులో తీసుకొని, నింపి, అక్కడే అందజేయాలి. తరువాత చెప్పిన రోజున క్వెస్తూరా అనే పోలీసు కార్యాలయానికి వెళ్ళి వేలిముద్రలు ఇవ్వాలి. ఫారం ఇటాలియనులో ఉంటుంది. ఎక్కడ ఏమి వ్రాయాలో ఒక్క మాట అడిగితే తేలిపోయే దాన్ని, “ఎవరినడగను, ఏమనుకుంటారో” అని రోజుకు రోజు వాయిదా వేస్తే గడువు దాటిపోతుంది.

జ్వరం సంగతీ అంతే. మన పల్లెలో జ్వరం వస్తే అడగకముందే నలుగురు వస్తారు. అక్కడ తలుపు మూసుకుని పడుకున్నవాడికి జ్వరమని పక్క గదివాడికి తెలియదు. ఇంటికి ఫోను చేసినప్పుడు “బాగానే ఉన్నానమ్మా” అంటాడు. అమ్మ నమ్ముతుంది. బిడ్డకు భాష రాక కొంత, మొహమాటం వల్ల చాలా, నోరు మూతపడుతుంది. అడగందే అమ్మయినా పెట్టదని మన పెద్దలు ఊరికే అనలేదు.

కనుక బిడ్డ వెళ్ళక ముందే ఈ నాలుగు మాటలు నేర్పండి. తల్లిదండ్రులు కూడా పక్కన కూర్చుని పలకవచ్చు. తెలుగు నోటికి ఇవి కష్టం కావు. ఇటాలియనులో మాటలు దాదాపు అన్నీ మన తెలుగు మాటలవలెనే అచ్చుతో ముగుస్తాయి. అందుకే మన భాషను తూర్పుదేశపు ఇటాలియను అనడం చాలాకాలంగా వింటున్నాం. చివరి అచ్చును మింగకుండా పూర్తిగా పలికితే సగం భాష వచ్చినట్టే.

మొదటి మాట: బ్వొన్‌జోర్నో

అంటే శుభదినం. మధ్యాహ్నం దాటి సాయంకాలమైతే బ్వొనసేరా, శుభసాయంకాలం. అడగవలసినది తరువాత, ముందు ఈ మాట. అంగడిలో అడుగుపెట్టినా, కార్యాలయంలో కిటికీ దగ్గర నిలబడినా, డాక్టరు గదిలో ప్రవేశించినా ముందు పలకరింపు ఉండాలి. పలకరించకుండానే “టికెట్టు ఎంత?” అని అడిగితే, ఆ మనిషిని మనిషిగా కాక గోడకు తగిలించిన పెట్టెగా చూసినట్టు వారికి తోస్తుంది. మనకు ఇది కొత్త కాదు. ఇంటికి వచ్చినవారు “బాగున్నారా అండి” అనకుండా నేరుగా అప్పు సంగతి ఎత్తితే మనకెలా ఉంటుంది?

చావో అనే మాట పిల్లలు సినిమాల్లో విని ఉంటారు. మన చెవికి అది తిట్టులా వినబడుతుంది గాని, అది స్నేహితుల పలకరింపు. కొత్తవారితో, పెద్దవారితో వాడకూడదు. ఆ మాట పుట్టుక మాత్రం తెలుసుకోదగినది. వెనీసు ప్రాంతపు భాషలో “మీ బానిసను” అనే అర్థమిచ్చే మాట అరిగి అరిగి చావో అయింది. దీనిని గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరకు వస్తాము.

రెండవ మాట: స్కూజి

అంటే క్షమించండి. దారిలో వెళ్ళేవారిని ఆపి అడగాలంటే ముందు ఈ మాట. “స్కూజి, సిన్యోరా” అంటే “ఏమండీ అమ్మగారూ” అన్నట్టు. పురుషులైతే సిన్యోరె. ఇటాలియను బైబిలులో ప్రభువును పిలిచే మాట కూడా ఈ సిన్యోరెయే. మనం “అయ్యా” అని మనుష్యులనూ దేవునినీ పిలిచినట్టే.

స్నేహితునితోనైతే స్కూజా అనాలి. ఒక్క అచ్చు మారితే మర్యాద మారిపోతుంది. ఇది మన “నువ్వు”, “మీరు” వంటి తేడా. ఇటాలియనులో నువ్వుకు తూ, మర్యాదకు లేయి. లేయి అంటే అసలు అర్థం “ఆమె”. ఎదుట నిలిచినది మీసాల పోలీసయినా మర్యాదకు ఆ మాటే. పూర్వం గొప్పవారిని “మీ ప్రభుత్వంవారు” అన్న అర్థమిచ్చే బిరుదుతో పిలిచేవారు. వారి వ్యాకరణంలో ఆ బిరుదు స్త్రీలింగం కనుక దానికి బదులుగా “ఆమె” వచ్చింది. మన ఇళ్ళల్లో అతిథి ఎదురుగా ఉండగానే “అయ్యగారు భోంచేస్తారా?” అని మూడవ మనిషిని అడిగినట్టు అడగడం లేదా? అదే పోలిక.

1938లో ముస్సోలినీ ప్రభుత్వం ఈ లేయిని వాడరాదనీ, దానికి బదులు వోయి అనాలనీ ఒత్తిడి తెచ్చింది. 1943లో ఆ ప్రభుత్వం కూలిపోయింది. లేయి మాత్రం జనం నోట నిలిచింది. వోయి అనే పాత మర్యాద దక్షిణ ఇటలీలో పెద్దల నోట ఇప్పటికీ వినవచ్చు. కనుక బిడ్డకు ఒకే నియమం చెప్పండి: ఎవరైనా సరే, వారే “తూ అను” అని చెప్పేవరకు లేయి వదలవద్దు.

మూడవ మాట: పెర్ ఫవోరె

అంటే దయచేసి. ఇక్కడ మన బిడ్డలు ఎక్కువ జాగ్రత్తపడాలి. మన తెలుగులో దయ క్రియలోనే ఉంటుంది. “కొంచెం నీళ్ళిస్తారా అండి” అన్నామంటే కొంచెంలో, ఇస్తారాలో, అండిలో మర్యాద అంతా ఇమిడిపోయింది. విడిగా దయచేసి అని ఎవరూ అనరు. “నీళ్ళు కావాలండి” అన్నా తప్పు లేదు, చివర అండి కాపాడుతుంది. ఇటాలియనులో అండి లేదు. కావాలి అనే మాటను అలాగే వొల్యో అంటే, చంటిపిల్లవాడు మారాం చేసినట్టు ఉంటుంది. దానికి బదులు వొర్రేయి అనాలి. అంటే “ఇస్తే బాగుండును, కోరుతున్నాను” అన్నట్టు. “వొర్రేయి ఉన్ బిల్యెత్తో, పెర్ ఫవోరె”: ఒక టికెట్టు కావాలండి, దయచేసి.

సహాయం అడగడానికి మూడు మెట్లున్నాయి.

మి ఆయూతి: నాకు సహాయం చేయండి. మర్యాద రూపమే గాని, ఆజ్ఞ వాసన ఉంది.

మి ప్వొ ఆయుతారె? నాకు సహాయం చేయగలరా? ఇది ఎక్కడైనా చెల్లుతుంది. స్నేహితునితో ప్వొ బదులు ప్వొయి.

పొత్రెబ్బె ఆయుతార్మి, పెర్ ఫవోరె? వీలైతే నాకు కొంచెం సహాయం చేయగలరా? ఇది అన్నిటికంటె మెత్తనిది. కార్యాలయాల్లో, ఆసుపత్రుల్లో, పెద్దవారి దగ్గర ఇది వాడాలి.

మెట్టు ఎక్కేకొద్దీ ఏమి జరుగుతున్నదో గమనించండి. ఎదుటి మనిషికి “లేదు” అనే వీలు పెరుగుతున్నది. మర్యాద అంటే మాటలకు పూలు కట్టడం కాదు. కాదనే స్వాతంత్ర్యాన్ని అవతలివారికి ఇచ్చి అడగడం. ఇదే ఈ నెల పాఠంలోని ముఖ్య సంగతి.

నాలుగవ మాట: గ్రాత్సియె

అంటే కృతజ్ఞతలు. గ్రా, త్సి, యె అని మూడు ముక్కలుగా, చివరి “యె” వినబడేలా పలకాలి. మనలో దగ్గరివారికి కృతజ్ఞతలు చెప్పడం పరాయితనం అనుకుంటాం. అన్నం పెట్టిన వదినకు థాంక్స్ చెబితే ఆమె నవ్వుతుంది. అక్కడ అలా కాదు. చిల్లర ఇచ్చిన మనిషికీ, తలుపు పట్టుకుని నిలిచిన మనిషికీ ఈ మాట చెల్లించాలి.

వారు కాదన్నప్పుడు కూడా చెల్లించాలి. “మి దిస్ప్యాచె” అని వారు విచారం తెలిపితే, మొహం మాడ్చుకోకుండా “గ్రాత్సియె లో స్తెస్సో” అనాలి. “అయినా సరే, కృతజ్ఞతలు” అని దాని భావం. ఈ మాట చెప్పగలిగినవాడు మర్యాదగా అడిగాడని అర్థం. చెప్పలేనివాడు మెత్తని మాటలతో ఆజ్ఞాపించాడన్న మాట.

మనం గ్రాత్సియె అంటే వారు ప్రేగో అంటారు. “ఫర్వాలేదు, అలాగే కానివ్వండి” అనే అర్థంలో వాడతారు. కానీ ఆ మాటకు అక్షరాలా అర్థం “ప్రార్థిస్తున్నాను”. మన దరఖాస్తుల్లో “ప్రార్థించడమేమనగా” అని వ్రాయడం పెద్దలకు గుర్తుండే ఉంటుంది. రెండు దేశాల్లోనూ దేవునితో మాట్లాడే మాట, మనిషిని అడిగే మాట ఒకటే అయింది. దేవుని ముందు మోకరించడం నేర్చినవానికి మనిషిని మర్యాదగా అడగడం బరువు కాకూడదు.

వీధిలో పనికివచ్చేవి

ఇంకొన్ని చిన్న మాటలు కాగితం మీద వ్రాసి బిడ్డ బైబిలులో పెట్టండి.

అర్థం కాకపోతే: నోన్ కపీస్కో. నెమ్మదిగా మళ్ళీ చెప్పమనాలంటే: ప్వొ రిపేతెరె ప్యూ ప్యానో, పెర్ ఫవోరె? అర్థం కాకపోయినా తల ఊపి వచ్చేయడం కంటె ఇది ఎంతో మేలు.

డాక్టరు దగ్గర వరుస సంఖ్య ఇచ్చే చీటీలు లేకపోతే, గదిలోకి వెళ్ళి బ్వొన్‌జోర్నో చెప్పి, “కి ఎ లుల్తిమో?” అని అడగాలి. “చివర వచ్చినవారు ఎవరండీ?” అని అర్థం. ఎవరో చేయి ఎత్తుతారు. వారి తరువాత మనం. గొడవ లేదు, తోపులాట లేదు.

కిక్కిరిసిన బస్సులో దిగాలంటే ముందున్నవారిని మోచేత్తో నెట్టరు. “స్కూజి, షెందె?” అంటారు. “క్షమించండి, మీరు దిగుతున్నారా?” అని. దిగనివారు పక్కకు జరిగి దారి ఇస్తారు.

ఎవరింటికైనా పిలిస్తే, తలుపు తీసి ఉన్నా గడప దగ్గర ఆగి “పెర్మెస్సో?” అనాలి. “లోపలికి రావచ్చా?” అని. వారు “అవాంతి” అన్నాక అడుగుపెట్టాలి. దేశంలో ఉండడానికి ఇచ్చే అనుమతి కాగితం పేరులోనూ ఇదే మాట ఉన్నది చూడండి.

దారి తప్పితే: మి సోనో పెర్సో. ఆడపిల్ల అయితే పెర్సా అనాలి. ఒంట్లో బాగుండకపోతే: మి సెంతో మాలె.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం ఈ మర్యాదలేవీ చూడనక్కరలేదు. మంట అంటుకున్నా, నీళ్ళలో పడినా, ఎవరైనా దాడి చేసినా “ఆయూతో!” అని గొంతెత్తి అరవాలి. పేతురు నీళ్ళలో మునిగిపోతూ ప్రభువును పిలిచినప్పుడు పొడుగు మాటలేమీ వాడలేదు (మత్తయి 14:30). ఫోనులో 112 తిప్పితే డబ్బు ఖర్చు లేకుండా అత్యవసర సహాయం దొరుకుతుంది. ఐరోపా సమాఖ్య దేశాలన్నిటిలోనూ ఇదే సంఖ్య. మన దేశంలోనూ ఇప్పుడు ఇదే.

ఆ దేశంలో మనవంటి ప్రొటెస్టంటు సంఘమే లేదని బిడ్డ అనుకోనక్కరలేదు. 12వ శతాబ్దంలో లియోను పట్టణపు వాల్డో అనే విశ్వాసి వలన మొదలైన వాల్దేసి సంఘం, ఎన్నో హింసలు సహించి, 1532లో సంస్కరణోద్యమంలో చేరింది. 1848 ఫిబ్రవరి 17న వారికి పౌరహక్కులు దొరికాయి. 1975లో ఇటలీ మెథడిస్టులు వారితో కలిశారు. సముద్రం దాటి వచ్చే దిక్కులేని శరణార్థులను 2016 నుండి విమానాల్లో క్షేమంగా తీసుకువచ్చే పనిలో వీరు కతోలిక సహోదరులతో కలిసి పాలుపొందారు. రోములో కావూరు చౌకు దగ్గర 1914లో ప్రారంభమైన వీరి ఆలయం ఉంది. “స్కూజి, దొవె లా క్యేజా వల్దేజె?” అని అడిగితే చాలు. వాల్దేసి ఆలయం ఎక్కడండీ అని.

బాంచన్ అనకుండా అడుగుట

ఇంతవరకు వచ్చాక ఒక సందేహం కలుగవచ్చు. “అంత ఒదిగి అడగడం దేనికి? మన తాతలు ఒదిగి ఒదిగి నడుములు వంగిపోలేదా?” అని. ఇది న్యాయమైన ప్రశ్న. మన సంఘాల్లో చాలా కుటుంబాలకు అడగడం అంటే చేదు జ్ఞాపకం. తెలంగాణలో దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకుని “నీ బాంచన్, కాల్మొక్తా” అన్న తరం పోయి ఎంతో కాలం కాలేదు. బాంచన్ అంటే బానిసను అనే. ఆంధ్ర పల్లెల్లో తల నెరసిన మన పెద్దను, పెద్ద ఇంటి పసివాడు “ఏరా” అని పిలిచేవాడు. ఆ పెద్ద వాణ్ణి “బాబుగారూ” అనేవాడు. మర్యాద ఒక వైపే నడిచేది. అటువంటి చోట అడగడం అంటే తనను తాను చంపుకోవడమే. మన బిడ్డల మొహమాటం వెనుక ఆ పాత గాయం కూడా ఉన్నదని మేము అనుకుంటాము.

కానీ లేయి అనే మాటలో ఒక విశేషం ఉంది. అది రెండు వైపులా నడుస్తుంది. ముక్కూ మొహం తెలియని ఇద్దరు పెద్దవారు కలిస్తే ఇద్దరూ ఒకరినొకరు లేయి అనడమే పద్ధతి. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు, నేల తుడిచే స్త్రీని లేయి అనాలి. ఆమె డాక్టరును లేయి అంటుంది. వలస వచ్చినవారిని చులకనగా తూ అనేవారు అక్కడా ఉన్నారు. అది తప్పు అని చెప్పేవారూ ఆ దేశస్థుల్లోనే ఉన్నారు. మన బిడ్డ ఎవరైనా తూ అన్నా కోపపడకుండా, తాను మాత్రం లేయి అంటూనే ఉంటే, ఆ మర్యాదే వారికి జవాబు.

ఇందాక చెప్పిన చావో దగ్గరకు ఇప్పుడు వద్దాం. అదీ బానిసను అనే మాటే, బాంచన్ కూడా బానిసను అనే మాటే. కానీ చావో అని ఇద్దరు స్నేహితులూ ఒకరికొకరు చెప్పుకుంటారు. ఇద్దరూ చెప్పుకున్నందువల్ల దానిలోని బానిసత్వం పోయి స్నేహం మిగిలింది. బాంచన్ ఒక్కడే చెప్పాడు. అందుకే అది విరగ్గొట్టవలసిన కాడి అయింది.

పౌలు ఇటలీవారిని అడిగిన తీరు

సుమారు క్రీ.శ. 57లో పౌలు రోమాలోని విశ్వాసులకు ఉత్తరం వ్రాశాడు. అప్పటికి ఆయన ఆ పట్టణం చూడలేదు. అయినా ఉత్తరం చివర ఒక సహాయం అడిగాడు. కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే వారి దగ్గరకు వస్తున్నది. ఆమెను చేర్చుకొని, ఆమెకు ఏ పనిలో అవసరమైతే ఆ పనిలో తోడుపడమన్నాడు. ఆమె అనేకులకూ తనకూ సహాయురాలై ఉన్నదని కూడా చెప్పాడు. పరదేశం వెళ్తున్న మన ఆడబిడ్డ కొరకు పాస్టరుగారు వ్రాసి ఇచ్చే పరిచయ లేఖకు ఇది మొదటి నమూనా. సహాయం పొందబోయే ఆమె దిక్కులేనిది కాదు, తానూ పదిమందికి చేసినదే అని వారికి తెలియజేశాడు.

తరువాత ఆయన ఖైదీగా ఇటలీ రేవు పొతియొలీలో దిగాడు. ఇప్పటి నేపుల్సు దగ్గరి పొత్సువోలి అదే. అక్కడి సహోదరులు ఆయనను ఏడు దినాలు తమతో ఉండమని వేడుకున్నారు; రోమానుండి కొందరు అప్పీయా సంతపేట వరకు ఎదురు వచ్చారు (అపొ. కార్య. 28:13–15). మర్యాదగా వ్రాసిన ఉత్తరం ఆయన కంటె ముందే దారి చేసిపెట్టింది.

రోమాలో బంధకాల్లో ఉండగానే ఆయన ఫిలేమోనుకు ఉత్తరం వ్రాశాడని మన పెద్దలు నమ్ముతూ వచ్చారు. ఆ ఉత్తరాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. ఒనేసిము అనే దాసుని చేర్చుకొమ్మని అడగాలి. ఆజ్ఞాపించే అధికారం తనకున్నదని పౌలుకు తెలుసు. దానిని పక్కన పెట్టి, ప్రేమనుబట్టి వేడుకుంటాడు. ఫిలేమోను ఇష్టం తెలియకుండా ఏమీ చేయదలచలేదని, అతని మంచిపని బలవంతం వలన కాక మనసారా జరగాలని అంటాడు (14వ వచనం). ఎదుటివానికి కాదనే స్వాతంత్ర్యం ఇచ్చి అడగడం అంటే ఇదే. పొత్రెబ్బె అనే చిన్న మాటలో ఉన్నదీ ఇదే.

ఆ తరువాతి వచనాల్లో అసలు విన్నపం వస్తుంది. ఇకమీదట అతనిని దాసునిగా కాక ప్రియ సహోదరునిగా చేర్చుకొమ్మంటాడు. అడిగేవాడు వంగిపోలేదు, ఇచ్చేవాడు పైకెక్కలేదు, ఎవరి కొరకు అడిగారో అతడు లేచి నిలబడ్డాడు. క్రైస్తవుడు సహాయం అడిగే తీరు ఇదే కావాలి.

ఈ నెల మన ఇళ్ళలో

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇటలీ వెళ్ళే బిడ్డకైనా, మండల కేంద్రం దాటని బిడ్డకైనా ఈ అలవాటు ఇంట్లోనే మొదలు కావాలి. కుటుంబ ప్రార్థన తరువాత ఈ మూడు పనులు చేసి చూడండి.

1. ఈ వారం నాన్న అమ్మను మంచినీళ్ళు అడిగేటప్పుడు “నీళ్ళు తే” అనకుండా “కొంచెం నీళ్ళిస్తావా” అనాలి. ఆమె చేతిలో పని ఉంటే తానే లేచి తెచ్చుకోవాలి.

2. మన పొలంలో కూలికి వచ్చినవారిని, రిక్షా తొక్కే పెద్దాయనను, వీధి ఊడ్చే అమ్మను పిల్లలు “మీరు” అని పిలవాలి. మనలను “ఏరా” అన్నప్పుడు కలిగిన బాధను మనకంటె పేదవారికి మనం అప్పగించరాదు.

3. ఇంట్లో ప్రతి ఒక్కరూ, తాము మొహమాటపడి ఇంతవరకు అడగని ఒక సహాయాన్ని ఈ నెలలో ఎవరినైనా అడగాలి. కాదంటే “ఫర్వాలేదండి” అని చిరునవ్వుతో తిరిగి రావాలి.

బిడ్డ ఇప్పటికే పరదేశంలో ఉన్నట్లయితే, ఈసారి ఫోను చేసినప్పుడు “బాగున్నావా?” అని మాత్రమే అడగవద్దు. “ఈ వారం ఎవరినైనా ఏదైనా సహాయం అడిగావా?” అని అడగండి. అడిగానంటే సంతోషించండి, ఆ దేశంలో వాడికి ఒక మనిషి దొరికాడన్న మాట. అడగలేదంటే, ఈ నాలుగు మాటలు చదివి వినిపించండి.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, అడుగుమని మాకు నేర్పిన నీ కుమారుని బట్టి నీకు స్తోత్రములు. పరదేశములలో ఉన్న మా బిడ్డల నోళ్ళను తెరువుము. వారు అడిగినప్పుడు వినే చెవులను, చాచే చేతులను వారి చుట్టూ సిద్ధపరచుము. మా గ్రామములలో మమ్మును అడిగేవారి యెదుట మేము దొరలవలె గాక సహోదరులవలె నిలుచునట్లు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.